పటం దించే ముందు

పర్లాకిమిడి,
బుధవారం ఉదయం.

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీర్వచనాలు.

రాత్రి మీ అమ్మ ఫోను చేసి, "దానికి నువ్వైనా చెప్పక్కా" అని ఏడ్చినంత పని చేసింది. నువ్వు ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్న సర్కారు బడి గేటు పక్కన పాలరాతితో సరస్వతీ మందిరం కట్టిస్తానని వచ్చిన కాంట్రాక్టరుకు కుదరదని చెప్పావట. వచ్చే ఆదివారం ఆఫీసు గదిలో, వరండాలో ఉన్న దేవుడి పటాలన్నీ దించేస్తావట. మొదటి మాటకు నిన్ను దగ్గరకు తీసుకుని తల నిమరాలనిపించింది. రెండో మాటకు నా చేతులు చల్లబడ్డాయి. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు, అందుకని ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ముందు మందిరం సంగతి. నువ్వు కుదరదన్న మాట మీదే నిలబడు. "సర్కారు సొమ్ము ఒక్క రూపాయి వద్దు, అంతా నా సొంత డబ్బే" అంటూ ఆయన మళ్లీ వస్తాడు. డబ్బు ఎవరిదైనా స్థలం అందరిదీ అని చెప్పు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంవారు ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ బైబిల్లోని పది ఆజ్ఞలు తగిలించాలని చట్టం చేశారు. ఆ ప్రతులు కొన్నది చందాల డబ్బుతోనే. అయినా 1980లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఎవరు కొన్నా, తగిలించేది ప్రభుత్వం పేరు మీదే కదా అంది. మతానికీ రాజ్యానికీ మధ్య అడ్డుగోడ ఉండాలని 1802లో అక్కడి అధ్యక్షుడు జెఫర్సన్ ఒక ఉత్తరంలో రాసిన మాట పట్టుకుని వాళ్లు ఈనాటికీ వాదించుకుంటున్నారు. మనకు అలాంటి గోడ లేదు. మన ప్రభుత్వాలు దేవాలయాల వ్యవహారాలు చూస్తాయి, యాత్రలకు ఏర్పాట్లు చేస్తాయి. అందుకని వాళ్ల తీర్పు చూపించి ఇక్కడ వాదించకు. మనదే ఒకటుంది. వీధుల్లో, పార్కుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో గుడి, చర్చి, మసీదు, గురుద్వారా ఏ పేరుతోనైనా అనుమతి లేని కొత్త కట్టడాలు రానివ్వకూడదని 2009 సెప్టెంబరు 29న మన సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. దాని నకలు ఫైలులో పెట్టు. ప్రభుత్వ స్థలంలో కట్టడానికి అనుమతి ఇచ్చే అధికారం ప్రధానోపాధ్యాయురాలికి లేదని బ్లాకు విద్యాధికారికి కాగితం మీద రాసి పంపు. నోటి మాటగా చెప్పకు.

పటాల విషయంలో మాత్రం చట్టం నీ చేతిలో ఉందని ధీమాగా ఉన్నావేమో, లేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మతబోధనకైనా, ప్రార్థనకైనా సమ్మతి లేకుండా ఎవరినీ కూర్చోబెట్టకూడదని, చిన్న పిల్లలైతే పెద్దల సమ్మతి కావాలని కూడా అందులోనే ఉంది. గోడ మీది పటం గురించి ఒక్క మాట లేదు. కాబట్టి ఊరివాళ్ల ముందు రాజ్యాంగం పుస్తకం తెరిచి కూర్చోకు. వాళ్లకు తెలిసిన మాటల్లో చెప్పాలి. ఆ మాటలు నాకు ఎంత ఆలస్యంగా దొరికాయో ఇప్పుడు చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

అప్పటికి గజపతి జిల్లా ఇంకా ఏర్పడలేదు, మనం గంజాం జిల్లాలోనే ఉన్నాం. కొండ కింద ఒక బడికి నేను ప్రధానోపాధ్యాయురాలిని. తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొండ మీదినుంచి దిగివచ్చే సవర పిల్లలు. నా కుర్చీ వెనుక గోడకు పెద్ద సరస్వతి పటం ఉండేది. రోజూ పొద్దున్నే నేనే అగరువత్తి వెలిగించేదాన్ని, బంతిపూల దండ మార్చేదాన్ని. చెప్పులు బయట విడిచి రావాలని నియమం పెట్టిందీ నేనే. ఆ తల్లి అంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు. నీకు ఆమె పేరే పెట్టాలని పట్టుబట్టింది నేను.

ఆషాఢమాసం, జోరున వాన. ఒక సవర తండ్రి కొడుకు స్టైపెండు కాగితం మీద నా సంతకం కోసం వచ్చాడు. వరండాలో చూరు నీళ్లు పడే చోట నిలబడ్డాడు. చెప్పులు చంకలో పెట్టుకుని, కాగితాన్ని అడ్డాకులో చుట్టి పట్టుకున్నాడు. హాజరు పట్టీలోంచి తల ఎత్తకుండానే "లోపలికి రా" అన్నాను. రాలేదు. నేను పని చూసుకుంటూ ఉండిపోయాను. ఎంతసేపు అలా నిలబెట్టానో తెలియదు. చివరికి విసుక్కుంటూ నేనే కలం పట్టుకుని గడప దగ్గరకు వెళ్లాను. తలుపు చెక్క మీద ఆనించి సంతకం పెడుతుంటే అతని జుట్టులోంచి నీటిచుక్క పడి సిరా పాకింది. అతను భయపడిపోయి తువ్వాలుతో అద్దాడు, ఇంకా అలుక్కుపోయింది.

మర్నాడు పిల్లవాడిని పిలిచి మీ నాన్న లోపలికి ఎందుకు రాలేదని అడిగాను. నాలుగో తరగతి వాడు. "అది గుడి కదా టీచరమ్మా. మేం చర్చికి వెళ్లేవాళ్లం. లోపలికి వస్తే మీరు తిడతారన్నాడు నాన్న" అన్నాడు.

ప్రభుత్వం కట్టించిన గది అది. తన కొడుక్కి రావలసిన డబ్బు కోసం వచ్చినవాడు వానలో నిలబడ్డాడు. రమ్మని పిలిచాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ గోడ అతనికి వేరే మాట చెప్పింది, అతను గోడ మాటే నమ్మాడు.

ఇంతవరకు జరిగింది నా అజ్ఞానం. అసలు తప్పు ఆ రాత్రి చేశాను. ఎవరితోనూ చెప్పకుండా, కాపలావాడి చేత లాంతరు పట్టించి పటం దించి, చీరలో చుట్టి ఇంటికి తెచ్చేసుకున్నాను. తెల్లవారి చూస్తే గోడ మీద పటమంత మేర తెల్లగా మిగిలింది, చుట్టూ అగరువత్తి పొగ, పక్కన కుంకుమ వేళ్ల మరకలు. ఊరి పెద్దలు వచ్చి అమ్మవారు ఏమైందని అడిగారు. నాకు నోరు పెగలలేదు. వాన నీరు కారుతోంది, పాడవుతుందని తీశాను అన్నాను. గోడ పొడిగా ఉందని వాళ్లకూ కనబడుతోంది. నేను పిల్లవాడిని పిలిపించి అడగడం కాపలావాడు చూశాడు. మధ్యాహ్నానికల్లా ఊరంతా ఒకటే మాట: కొండవాళ్లు ఫిర్యాదు చేసి సరస్వతిని తీయించారట.

ఆ వారం సంతలో అతని కావడిలోని పనసపండ్లను బురదలోకి తోశారు. పిల్లవాడు బడికి రావడం మానేశాడు. రెండు వారాలకు కొండెక్కి వాళ్లింటికి వెళ్లాను. మంచినీళ్లు ఇచ్చాడు, చాప వేశాడు. పిల్లవాడిని దూరపు బంధువుల దగ్గర పనికి పంపేశానన్నాడు. ఇంకేమో అన్నాడు, నాకు అర్థం కాలేదు. గిడుగు రామమూర్తిగారు మన ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. అదే ఊరిదాన్ని, ఆ తండ్రికి క్షమాపణ చెప్పడానికి నాకు నాలుగు మాటలు రాలేదు. దిగివచ్చి, హాజరు పట్టీలో ఆ పేరు మీద నా చేత్తోనే ఎర్రగీత గీశాను. నన్ను మాత్రం ఊళ్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ముప్పై ఏళ్లు దాటినా నన్ను నిద్రపోనివ్వనిది అదే.

అందుకే ఆదివారం అంటే వణుకు పుట్టింది. సెలవురోజు, మూసిన బడి, నువ్వొక్కదానివి. వద్దమ్మా. బడి ఉన్న రోజున, పట్టపగలు, పాఠశాల నిర్వహణ కమిటీ ముందు చెయ్యి. తీర్మానాల పుస్తకంలో "ప్రధానోపాధ్యాయురాలి ప్రతిపాదన" అని రాయించి మొదటి సంతకం నువ్వు పెట్టు. ఎవరు అడిగారని అంటారు. నేనే అనుకున్నాను అని చెప్పు. ఏ పిల్ల పేరు గాని, ఏ ఇంటి పేరు గాని నీ నోట రాకూడదు. పొరపాటున కూడా రాకూడదు. గది అంతటికీ ఒకేసారి సున్నం వేయించు. కానీ సున్నం కోసం దించామని మాత్రం అనకు, నాలాగ.

ఏ పటం ఎవరిచ్చారో జాబితా రాసి, ఇచ్చినవాళ్లను పిలిచి, దండ వేసి, వాళ్ల చేతికే ఇవ్వు. సామాన్ల గదిలో పడేస్తే ఆ అపచారాన్ని నేనే క్షమించను. అన్ని మతాల పటాలూ వరసగా పెడితే గొడవ ఉండదని ఎవరో సలహా ఇచ్చారట. నాకు నచ్చలేదు. పాత పద్ధతిలో ఉన్న సవరలు తమ దేవతలను ఇంటి గోడ మీదే బొమ్మలుగా గీసుకుంటారు. ఆ గోడను ఊడదీసి తెచ్చి నీ గదిలో పెడతావా? ఎవరో ఒకరు బయటే మిగులుతారు.

పిల్లల మెడల జోలికి వెళ్లకు. తాయెత్తు, శిలువ, జంధ్యం అవి వాళ్లవి, బడివి కావు. వినాయక చవితి, వసంత పంచమి పూజలు ఒడిశా బడుల్లో ఆనవాయితీ. ఈ ఏడు వాటిని కదపకు. పిల్లల దగ్గర చందా వసూలు మాత్రం ఆపించు. ప్రార్థనలో ఎవరైనా నోరు కదపకుండా నిలబడితే నిలబడనివ్వు. కేరళలో జాతీయగీతం వేళ మర్యాదగా లేచి నిలబడి, తమ మత విశ్వాసం వల్ల పాడని ముగ్గురు పిల్లలను బడినుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. జాతీయగీతానికే ఆ మాట చెప్పిన తరువాత మన ప్రార్థన ఎంత?

కొన్నాళ్లపాటు సాయంత్రం ఐదు దాటాక బడిలో ఒంటరిగా ఉండకు. స్కూటీ మీద కాకుండా మిగతా టీచర్లతో కలిసి బస్సులో రా. ఇది పెద్దమ్మ పిరికితనం అనుకో, అయినా విను. చిన్నప్పుడు మహేంద్రతనయ నదిలో లోతు చూడకుండా దూకి మోకాలు చీల్చుకున్నది నువ్వే. ఆ కట్టు కట్టింది నేనే.

నాడు తెచ్చిన పటం ఇప్పటికీ నా పూజగదిలో ఉంది. రోజూ దీపం పెడుతున్నాను. నువ్వు దించినవాటిలో ఎవరూ తీసుకువెళ్లనివి మిగిలితే నా దగ్గరకు తీసుకురా. వాటి కోసం పక్క గోడకు మేకులు కొట్టించి ఉంచుతాను. శనివారం భోజనానికి వచ్చి ఆ తీర్మానం చిత్తుప్రతి చూపించు, ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

నీ పెద్దమ్మ