కత్తెర సొంత చెయ్యి కోసుకోదా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. పైకి చదువుతుంటే విన్నాను: బ్యాక్టీరియాలోకి వైరస్ దూరితే దాని డీఎన్‌ఏని కత్తిరించేసే ఎంజైములు ఉంటాయట. డీఎన్‌ఏ బ్యాక్టీరియాకీ ఉంటుంది కదా! ఆ కత్తెర దాన్నెందుకు కత్తిరించదు? వాణ్ణి అడిగితే "అది పరీక్షకి రాదమ్మా" అన్నాడు.
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: 30 ఏళ్లు మైక్రోబయాలజీ చెప్పాను. ఈ ప్రశ్న వేసిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి మీవాణ్ణి వదిలేసి మీతోనే మాట్లాడతానమ్మా.

మా ల్యాబ్‌లో ఏటా ఒక ప్రాక్టికల్ ఉండేది. లాంబ్డా అనే వైరస్ డీఎన్‌ఏలో ఎకోఆర్‌1 అనే ఎంజైము కలిపి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, జెల్ అనే మెత్తటి పలక మీద కరెంటు పెట్టి నడిపేవాళ్లం. ముక్కలు పొడవుని బట్టి విడిపోయి గీతల్లా కనిపిస్తాయి. డీఎన్‌ఏ అంటే ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసిన పొడుగాటి రాత అనుకోండి. లాంబ్డా డీఎన్‌ఏ పొడవు 48,502 అక్షరాలు. అందులో జి-ఎ-ఎ-టి-టి-సి అనే ఆరక్షరాల మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎకోఆర్‌1 జి పక్కన కోస్తుంది. ఆ మాట ఐదు చోట్ల ఉంది, అంటే ఆరు ముక్కలు రావాలి. పిల్లలు ఐదు గీతలే చూసి "సార్, ప్రయోగం పోయింది" అని మొహం వేలాడేసేవారు. పోలేదు. 5,804, 5,643 అక్షరాల ముక్కలు దాదాపు ఒకే పొడవు. తొందరపడి కరెంటు ఆపేస్తే రెండూ కలిసి ఒక్క గీతలా కనిపిస్తాయి. ఇంకాస్త ఓపిక పడితే విడిపోయేవి.

ఇక మీ అనుమానం. ఈ కత్తెర ఈ.కోలి అనే బ్యాక్టీరియాలో దొరికింది. దాని డీఎన్‌ఏ దాదాపు 46 లక్షల అక్షరాలు. అంత పొడవులో అదే మాట వందల చోట్ల వస్తుంది. అన్నిచోట్లా కోస్తే ఇంకేముంది, బ్యాక్టీరియా చస్తుంది. అందుకని కత్తెరకి తోడుగా ఇంకో ఎంజైము ఉంటుంది. సొంత డీఎన్‌ఏలో ఆ మాట ఉన్న ప్రతిచోటా రెండో ఎ మీద ఒక మిథైల్ బొట్టు పెట్టడమే దాని పని. బొట్టంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. ఆ కాస్త అడ్డు చాలు, కత్తెర కోయదు. బయటి నుంచి వచ్చిన వైరస్‌కి బొట్టుండదు, దొరికిపోతుంది.

డీఎన్‌ఏ రెండు పేటల తాడు. కణం చీలేముందు దానికి నకలు తీస్తుంది కదా, ఆ కొత్త పేట మీద బొట్లుండవు. కానీ దాని జంటగా ఉన్న పాత పేట మీద ఉంటాయి. ఒక పేట మీదున్నా కత్తెర వదిలేస్తుంది. ఈలోపు బొట్టు పెట్టే ఎంజైము వచ్చి రెండోదానికీ పెట్టేస్తుంది. నన్నడిగితే ఈ ఏర్పాటులో అందమంతా ఇక్కడే ఉంది.

వైరస్‌లూ తక్కువవి కావు. వేలల్లో ఏదో ఒకటి, కోత పడేలోపే తనూ బొట్టు పెట్టించేసుకుంటుంది. దాని పిల్లలన్నీ బొట్టుతోనే పుడతాయి. ఆ రకం బ్యాక్టీరియాలో ఇక వాటికి అడ్డు లేదు. 1950ల మొదట్లో శాస్త్రవేత్తలు ముందు చూసింది ఈ వింతనే. దాని గుట్టు విప్పిన వెర్నర్ ఆర్బర్ 1978లో హామిల్టన్ స్మిత్, డేనియల్ నేథన్స్‌లతో కలిసి నోబెల్ పంచుకున్నారు. టీ4 అనే వైరస్ మరీ గడుసుది: సి అక్షరాన్నే మార్చేసి, దానికి చక్కెర తగిలించుకుని వస్తుంది. చాలా కత్తెరలు దాన్ని ఏమీ చేయలేవు.

ఈమధ్య అందరూ చెప్పుకునే క్రిస్పర్ కూడా వైరస్‌ల నుంచి బ్యాక్టీరియా కాపాడుకునే ఏర్పాటే. అందులో ఇదే చిక్కు తిరగేసి ఉంటుంది. పాత వైరస్ డీఎన్‌ఏ ముక్కని బ్యాక్టీరియా తన డీఎన్‌ఏలోనే దాచుకుంటుంది. ఆ వైరస్ మళ్లీ వస్తే దాంతో పోల్చి కోస్తుంది. యోగర్ట్, చీజ్ తయారీలో వాడే స్ట్రెప్టోకోకస్ థెర్మోఫిలస్‌లో దీన్ని 2007లో ప్రయోగం చేసి చూపించారు. మరి దాచుకున్న ముక్కనే కోయదా? వైరస్‌లో ఆ ముక్క పక్కనే కొన్ని అక్షరాల గుర్తుంటుంది. అది కనిపిస్తేనే కత్తెర కదులుతుంది. దాచుకునేటప్పుడు బ్యాక్టీరియా ఆ గుర్తుని బయటే వదిలేస్తుంది. అక్కడ బొట్టుంటే మనది, ఇక్కడ గుర్తు లేకపోతే మనది.

అన్నట్టు, మీరు భయపడ్డట్టు జరగడమూ ఉంది. ఎకోఆర్‌1 జన్యువూ, బొట్టు పెట్టే ఎంజైము జన్యువూ ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద పక్కపక్కనే ఉంటాయి. ఎప్పుడైనా ఆ వలయం పిల్లకణానికి అందకపోతే, తల్లి నుంచి వచ్చిన ఎంజైములు మాత్రం కొంతకాలం మిగిలుంటాయి. కణం చీలినకొద్దీ రెండూ పలచబడతాయి. వందల చోట్ల బొట్టు పెట్టడానికి ఆ మిగిలింది చాలదు. కత్తెరకి మాత్రం బొట్టు లేని చోటు ఒక్కటి దొరికినా చాలు.