చర్చి బ్యాండ్ కోసం మొదటి బేస్ గిటార్ ఏది కొనాలి? పాతది కొని పికప్‌లు మార్చుకుంటే మేలా?

మీరు రెండేళ్లుగా మామూలు గిటార్ వాయిస్తున్నారు, ఇప్పుడు చర్చిలో బేస్ పట్టమంటున్నారు, చేతిలో పాతిక వేలున్నాయి. ప్రెసిషన్ తరహాదా జాజ్ తరహాదా (బేస్‌లలో బాగా పేరున్న రెండు మోడళ్లు), నాలుగు స్ట్రింగ్స్‌దా ఐదు స్ట్రింగ్స్‌దా, సెకండ్ హ్యాండ్‌ది కొని పికప్‌లు, అంటే స్ట్రింగ్స్ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు, మార్చుకోవచ్చా అని అడిగారు. చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. నేను డబ్బులు తగలేసింది అక్కడే.

తొమ్మిదేళ్ల కిందట కాకినాడలో జాజ్ తరహా బేస్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అక్కడున్నన్నాళ్లూ బాగానే మోగింది. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక, డిసెంబరులో, మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) దగ్గర ఏ నోటు నొక్కినా స్ట్రింగ్ ఫ్రెట్‌కి తగిలి జిర్రుమనడం మొదలుపెట్టింది. పైగా దుప్పటి కప్పినట్టు మొద్దు సౌండు. పికప్‌లు పాతబడిపోయాయని నాకు నేనే తేల్చేసుకుని ఏడు వేలు పెట్టి కొత్తవి తెప్పించాను. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, వేళ్లు కాల్చుకుని సోల్డరింగ్ చేశాను. తీరా వాయిస్తే అదే జిర్రు, అదే దుప్పటి. కాకపోతే ఇంకాస్త గట్టిగా.

చివరికి గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని ఆంప్‌కి, అంటే సౌండు పెంచే పెట్టెకి, కూడా తగిలించలేదు. ఒళ్లో పెట్టుకుని లావు స్ట్రింగ్‌ని ఎడమ చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, కుడి చేత్తో ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకున్నారు. ‘ఏడో ఫ్రెట్ దగ్గర సందెంతుందో చూడు బాబూ’ అన్నారు. వంగి చూస్తే సందే లేదు, స్ట్రింగ్ ఫ్రెట్‌కి అతుక్కునే ఉంది. అక్కడ ఒక విజిటింగ్ కార్డు దూరేంత, అంటే 0.3 మిల్లీమీటర్ల వరకు ఖాళీ ఉండాలట. నాలుగు స్ట్రింగ్స్ కలిసి మెడను 75–80 కిలోల బలంతో లాగుతుంటాయి. మెడ లోపలుండే ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ దానికి ఎదురు లాగి నిలబెడుతుంది. సముద్రపు తేమకి అలవాటుపడ్డ కర్ర ఇక్కడి చలికాలం పొడిగాలికి ఆరి, మెడ కాస్త వెనక్కి వంగింది. ఆయన అలెన్ కీతో ట్రస్ రాడ్‌ని పావు చుట్టు వదులు చేశారు. కొత్త స్ట్రింగ్స్ వేశారు, స్ట్రింగ్స్ కింది కొనలు ఆనే బ్రిడ్జి దగ్గర ఎత్తు సరిచేశారు. అరగంట పని, ఆరు వందలు. దుప్పటి లేచిపోయింది. తర్వాత ఒకసారి కుతూహలం కొద్దీ పాత పికప్‌లే మళ్లీ బిగించి చర్చిలో వాయించాను. తేడా ఎవరూ కనిపెట్టలేదు. నిజం చెప్పాలంటే డ్రమ్స్ మోగుతున్నప్పుడు నాకూ తెలియలేదు.

అందుకని పాతది కొంటే కొనండి కానీ పికప్‌ల డబ్బులు ముందు కొత్త స్ట్రింగ్స్‌కీ సెటప్‌కీ, అంటే ఆ పెద్దాయన చేసినలాంటి సర్దుబాటుకీ, పెట్టండి. ఆరు నెలలు వాయించాక కూడా అసంతృప్తిగా ఉంటే అప్పుడు పికప్‌ల సంగతి చూద్దాం. కొనేటప్పుడు మెడని కంటికి ఆనించి తుపాకీ గురి చూసినట్టు చూడండి. కాస్త ముందుకో వెనక్కో వంగితే ట్రస్ రాడ్‌తో సరిచేయొచ్చు, తాడులా మెలి తిరిగితే మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ట్రస్ రాడ్ తిరుగుతోందో లేదో వాళ్ల ముందే చూసుకోండి. ఒక్కో ఫ్రెట్, ఒక్కో స్ట్రింగ్ ఓపికగా నొక్కి వాయించండి. కేబుల్ గుచ్చే జాక్ గరగరలాడితే భయం లేదు, అది చిన్న పని.

స్ట్రింగ్స్ మీద ఇంకో మాట. మామూలుగా వచ్చేవి రౌండ్‌వూండ్, అంటే గుండ్రటి సన్న తీగ చుట్టినవి. కొత్తలో ఖంగుమంటాయి, చెమట పట్టే చేతులైతే రెండు మూడు నెలల్లో చప్పబడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే ఇంకొన్నాళ్లు బతుకుతాయి. పది నిమిషాలు నీళ్లలో మరిగించి ఆరబెడితే చుట్ల మధ్య జిడ్డు వదిలి కొన్ని వారాలు మళ్లీ మోగుతాయి. అమ్మ పాల గిన్నెలో ఆ పని చేసి చీవాట్లు తిన్నాను, మీరు వేరే గిన్నె చూసుకోండి. ఫ్లాట్‌వూండ్, అంటే చదునైన తీగ చుట్టినవి, అయితే నున్నగా ఉంటాయి, ఖరీదు ఎక్కువ, ఏళ్ల తరబడి ఉంటాయి. అమెరికాలోని మోటౌన్ అనే కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వూండ్ స్ట్రింగ్స్ తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. నెమ్మది పాటలు ఎక్కువుంటే నా ఓటు వాటికే.

ఇక ప్రెసిషనా జాజా. గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ తెచ్చాడు. అప్పటిదాకా నిలువెత్తు డబుల్ బేస్ మీద ఫ్రెట్లు లేక చెవితో వెతుక్కునే నోటు ఫ్రెట్లతో కచ్చితంగా దొరుకుతుంది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు మనం చూసే రెండు ముక్కల పికప్ 1957లో వచ్చింది. జాజ్ బేస్ 1960లో వచ్చింది, దానికి రెండు సింగిల్ కాయిల్ (ఒక్కో తీగచుట్ట ఉండే) పికప్‌లు. సౌండు గురించి ఎన్ని పేజీలైనా రాయొచ్చు గానీ గిటార్ నుంచి వచ్చే మనిషికి ముందు తెలిసేది మెడే. మెడ పైకొనలో స్ట్రింగ్స్ ఆనే నట్ దగ్గర జాజ్ మెడ 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్ 41–42. చిన్న చేతులైతే ఆ మూడు నాలుగు మిల్లీమీటర్లే మణికట్టుని కాపాడతాయి. మరోవైపు ప్రెసిషన్ పికప్ నిర్మాణంలోనే హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే జుయ్యి శబ్దం, రద్దయిపోతుంది. జాజ్‌లో రెండు వాల్యూమ్‌లూ సమానంగా పెడితేనే నిశ్శబ్దం, ఒకటి తగ్గించగానే జుయ్యిమంటుంది. ఎర్తింగ్ సరిగా లేని హాళ్లలో, పాత ట్యూబ్‌లైట్ల కింద అది మరీ ఎక్కువ. స్ట్రింగ్స్ ముట్టుకోగానే హమ్ తగ్గితే అది మామూలే. ముట్టుకుంటే చేయి జిల్లుమంటే మాత్రం వెంటనే ప్లగ్ తీసి, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

తేల్చుకోలేకపోతే రెండు తరహాల పికప్‌లూ ఉన్నది తీసుకోండి. యమహా టీఆర్‌బీఎక్స్ 174 అలాంటిదే, బ్యాటరీ గొడవ కూడా లేదు. బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. యాక్టివ్ బేస్‌లో, అంటే లోపల సౌండు సర్దే సర్క్యూట్ ఉన్నదాంట్లో, 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. క్రిస్మస్‌కి ముందు రోజు రిహార్సల్ అయ్యాక కేబుల్ తీయకుండా ఇంటికొచ్చేశాను. మర్నాడు మూడో పాటలో నా బేస్ గొంతు బొంగురుపోయి, నాలుగో పాటకి మూగబోయింది. మిగతా ప్రోగ్రాం అంతా నవ్వుతూ చప్పట్లు కొట్టాను.

ఐదు స్ట్రింగ్స్ విషయంలో నా అభిప్రాయం ఏడాదికోసారి మారుతుంటుంది. చర్చిలో పాడేవాళ్లు గొంతుని బట్టి శ్రుతి అప్పటికప్పుడు మారుస్తారు. ఈ-ఫ్లాట్ (E♭) శ్రుతి అనగానే నాలుగు స్ట్రింగ్స్ బేస్‌లో కింది స్వరం ఉండదు, ఒక స్థాయి (ఆక్టేవ్) పైన వాయించాల్సిందే. ఐదోది, అంటే మిగతావాటికన్నా కిందిగా మోగే లో-బీ (B) స్ట్రింగ్, ఉంటే ఆ ఇబ్బంది లేదు. కానీ అది 31 హెర్ట్జ్ స్వరం. చవక ఐదు స్ట్రింగ్స్ బేస్‌ల మీద అది మోకుతాడులా వదులుగా ఆడుతుంది, మామూలు హాల్ స్పీకర్లలో సరిగ్గా వినబడదు కూడా. మీ బడ్జెట్‌లో మంచి నాలుగు స్ట్రింగ్స్‌దే కొనండి. డి (D) శ్రుతి పాటలకి లావు స్ట్రింగ్‌ని ఒక స్వరం దించితే సరిపోతుంది.

పెద్ద ఆంప్ మాత్రం కొనకండి. మీ చర్చిలో మిక్సర్ ఉంటుంది కాబట్టి ఒక డీఐ బాక్స్, అంటే బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె, చాలు. బేస్ నుంచి మామూలు కేబుల్ అందులోకి, అందులోంచి మైక్ కేబుల్ మిక్సర్‌కి. ఇంట్లో ప్రాక్టీసుకి హెడ్‌ఫోన్ ఆంప్ పెట్టుకోండి, పక్కింటివాళ్లు కూడా సంతోషిస్తారు. పద్దెనిమిది వేలు బేస్‌కి పెట్టి, మిగిలినదాంట్లో స్ట్రింగ్స్, సెటప్, డీఐ, ట్యూనర్, మూడంగుళాల వెడల్పు స్ట్రాప్ చూసుకోండి. సన్న స్ట్రాప్‌తో నాలుగు కిలోల బరువు గంటన్నర మోస్తే మర్నాడు భుజం చెబుతుంది.

రూపాయి ఖర్చు లేని మాడిఫికేషన్ కూడా ఒకటుంది. గిన్నెలు తోమే కొత్త స్పాంజ్‌ని రెండు వేళ్ల వెడల్పు కోసి, బ్రిడ్జి పక్కన స్ట్రింగ్స్ కింద ఇరికించండి. నోటు సాగకుండా ‘దుమ్’ అని ఆగిపోతుంది, ఎకో ఎక్కువున్న హాల్లో ప్రతి మాటకీ చోటు దొరుకుతుంది. జేమర్సన్ బేస్‌లో కూడా బ్రిడ్జి కవర్ కింద ఇలాంటి ఫోమ్ ముక్కే ఉండేది.

ఇవన్నీ చేశాక కూడా మొదటి ఆదివారం మీ బేస్ బురదబురదగా వినిపిస్తే కంగారుపడి పికప్‌లు వెతకొద్దు. ఇన్నాళ్లూ బేస్ లేదు కాబట్టి ఆ పని కీబోర్డ్ వాయించేవాళ్ల ఎడమ చెయ్యే చేస్తూ ఉండుంటుంది. ఇద్దరూ ఒకే చోట తొక్కుకుంటున్నారన్నమాట. ప్రాక్టీసులో పక్కకి పిలిచి, ‘అన్నా, ఎడమ చెయ్యి ఒక స్థాయి పైకి జరుపుతారా’ అని అడిగి చూడండి. మా దగ్గర ఆ అన్న ఒప్పుకోడానికి రెండు నెలలు పట్టింది.