వైజాగ్ నుంచి బెంగళూరుకి ఇల్లు మారబోతున్న మా చెల్లెలి కూతురికి

బుజ్జీ,

అల్లుడుగారికి వైట్‌ఫీల్డులో ఉద్యోగం వచ్చిందని, మార్చిలో చేరాలని, మే నెలలో సామానంతా లారీకెక్కించి మీరందరూ దిగిపోతారని మీ అమ్మ చెప్పింది. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఇల్లు కూడా ఖాయం చేసేస్తున్నారట కదా, ఆ పని మాత్రం ఆపండి. ఫోన్లో చెబితే ఊ కొట్టి మర్చిపోతావని రాస్తున్నాను, ఇద్దరూ కూర్చుని చదవండి.

అల్లుడుగారు ముందు ఒక్కరే రావాలి, రెండు సూట్‌కేసులతో. నెలో రెండు నెలలో పీజీలో, అంటే పేయింగ్ గెస్టు హాస్టల్లో ఉండి, రోజూ ఆఫీసుకి వెళ్లొస్తూ, సాయంత్రాలూ ఆదివారాలూ ఇళ్లు చూడాలి. పీజీ అద్దె దండగ అనుకోకండి. ఫొటోలు చూసి ఇల్లు తీసుకుని ఆర్నెల్లకే మళ్లీ మారితే బ్రోకరుకి ఒక నెల అద్దె, పెయింటింగుకి ఒక నెల అద్దె, మళ్లీ లారీ, మళ్లీ అట్టపెట్టెలు. దానిముందు పీజీ ఖర్చు ఎంతని? ఇక్కడ కిలోమీటర్లు చూసి లాభం లేదు, ఎన్ని సిగ్నళ్లు అని అడగాలి. మ్యాపులో ఆఫీసుకి ఆరు కిలోమీటర్లే అని మారతహళ్లి వంతెన అవతల ఇల్లు తీసుకుంటే ఆ ఆరు కిలోమీటర్లూ సాయంత్రం పూట ఎలా ఉంటాయో అతనికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైను మెట్రో కాడుగోడి దాకా వస్తోంది కాబట్టి ఆ లైను పట్టుకుని వెతకండి. హూడి, కుందలహళ్లి, గరుడాచార్‌పాళ్య, కె.ఆర్.పురం, ఇలా స్టేషనుకి నడిచి వెళ్లగలిగే చోటయితే అద్దె కాస్త ఎక్కువైనా సరే. నడిచి అంటే ఫుట్‌పాత్ ఉందో లేదో కూడా చూసి చెప్పమను, మీ అత్తగారు కూడా ఉంటారు కదా.

ఇల్లు చూసేటప్పుడు హాలు ఎంతుంది, కప్‌బోర్డులు ఎన్ని అని కాదు, నీళ్లు ఎక్కడివో ముందు అడగాలి. కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల అవతల నుంచి పైకి తోడి తెస్తారు, అవి కూడా అన్ని వీధులకీ రోజూ రావు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి వైట్‌ఫీల్డు వైపు అపార్ట్‌మెంట్ల వాళ్లు ట్యాంకర్ల కోసం పడ్డ తిప్పలు చెప్పనలవి కాదు. ఆ అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలుపెట్టి నగరంలో కలిసిన 110 గ్రామాలకి నీళ్లిస్తున్నారు, నిజమే. కానీ వీధిలో పైపు ఉంది కదా అని ఇంట్లోకి కనెక్షన్ ఉందనుకోకూడదు. "కావేరి ఉందండీ" అని ప్రతి ఓనరూ అంటాడు. వాటర్ బోర్డు బిల్లు చూపించమని అడగండి, బిల్లు లేకపోతే కనెక్షన్ లేనట్టే. ఆ తర్వాత అల్లుడుగారిని బాత్రూములోకి వెళ్లి షవరు తల పైకెత్తి చూడమను. కన్నాల చుట్టూ తెల్లగా గట్టిగా సున్నంలా పేరుకుని, సగం కన్నాల్లోంచి నీళ్లు పక్కకి చిమ్ముతుంటే అది ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు. సబ్బు నురగ రాదు, గీజరు కాయిలు తొందరగా పోతుంది, పప్పు ఉడకదు, పిల్లల జుట్టు పీచులా అవుతుంది. కింద సంపు ఎంత పెద్దదో, ట్యాంకరు వస్తే ఆ డబ్బు మెయింటెనెన్సులో కలిసే ఉందో విడిగా కట్టాలో కూడా అడగాలి. ఇవన్నీ ఏప్రిల్లో అడిగితేనే నిజం తెలుస్తుంది, వానాకాలంలో అందరి ఇళ్లల్లోనూ నీళ్లు ఉంటాయి.

ఇక డబ్బు. వైజాగులోలా రెండు నెలల అద్దె అడ్వాన్సు ఇచ్చేసి తాళాలు తీసుకోవడం ఇక్కడ కుదరదు. ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్లు, ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకి దిగింది, బేరమాడితే ఇంకా తగ్గేవాళ్లూ ఉన్నారు. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకి ఎంత పట్టుకుంటారు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు అన్న రెండూ అందులో రాయించుకోండి, నోటిమాటలు ఆ రోజుకి ఎవరికీ గుర్తుండవు. అల్లుడుగారు పాత పద్ధతిలోనే టాక్సు కడుతుంటే, అద్దె మీద పన్ను మినహాయింపు కావాలంటే, అద్దె ఏడాదికి లక్ష దాటినప్పుడు ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. అడ్వాన్సు చేతికివ్వక ముందే అడిగితే ఇస్తారు, తర్వాత సవాలక్ష సాకులు చెబుతారు.

ఇంకోటి, ఎవరైనా "లీజుకి ఇల్లుంది, ఇరవై లక్షలు ఇచ్చి రెండేళ్లు అద్దె లేకుండా ఉండండి, వెళ్లేటప్పుడు డబ్బు మొత్తం వాపసు" అంటే మీ అత్తగారికి బాగా నచ్చుతుంది, నాకు తెలుసు. వైజాగులో ప్లాటు అమ్మిన డబ్బు ఉంది కదా అని కూడా అంటారు. వద్దు. ఆ ఇంటి మీద ఓనరుకి బ్యాంకు లోను ఉండి, కంతులు కట్టక ఇల్లు వేలానికొస్తే మీ ఇరవై లక్షలు అడగడానికి కోర్టు చుట్టూ తిరగాలి. మధ్యలో ఇంకొకడు ఓనరు దగ్గర నెలవారీ అద్దెకి తీసుకుని మీకు లీజుకిచ్చే రకం ఇంకా ఘోరం. మరీ తప్పదంటే రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల కావేరి పోర్టల్లో ఈసీ (ఆ ఇంటి మీద లావాదేవీలు చూపే కాగితం) తీసి చూసి, నేరుగా ఓనరుతోనే, రిజిస్ట్రేషన్ చేయించుకుని చేయండి. నన్నడిగితే ఆ జోలికే పోవద్దు.

కరెంటు గురించి మీ అమ్మ అడిగింది. అద్దెకున్నవాళ్లకి కూడా రెండు వందల యూనిట్ల లోపు గృహజ్యోతి, అంటే ఇక్కడి ఉచిత కరెంటు పథకం, వర్తిస్తుంది. పాత అద్దెవాళ్ల ఆధార్ ఆ మీటరుకే లింకై ఉంటే ముందు అది తీయించాలి. ఓనరుతో ఆ మాట ముందే అనండి, బిల్లు మీద ఉండే ఆర్.ఆర్. నంబరు (కరెంటు కనెక్షన్ నంబరు) రాసిపెట్టుకోండి.

పిల్లల బడి సంగతి నువ్వు జూన్‌లో చూద్దామన్నావట. మన దగ్గర జూన్ పన్నెండు అనుకుంటాం, ఇక్కడ మే ఆఖరికో జూన్ మొదటికో తెరిచేస్తారు. పేరున్న స్కూళ్లలో సీట్లు అంతకు చాలా ముందే నిండిపోతాయి, కాబట్టి అల్లుడుగారు వచ్చిన వారంలోనే ఆ పని మొదలవ్వాలి. ఇల్లూ బడీ కలిపి వెతకండి, ఇల్లు ఒక మూల బడి ఒక మూల అయితే పిల్లలు పొద్దున్నే ఆరున్నరకి బస్సెక్కాల్సొస్తుంది. పరీక్షలవ్వగానే టీసీ తీసుకో. వేరే రాష్ట్రం వస్తున్నారు కాబట్టి విద్యాశాఖ ఆఫీసులో దాని మీద కౌంటర్ సంతకం కూడా చేయించుకుని రా, ఇక్కడ కొన్ని స్కూళ్లు అది లేదని వెనక్కి పంపిస్తాయి, అప్పుడు ఒక్క సంతకం కోసం మళ్లీ వైజాగు పరిగెత్తాలి. 2015 చట్టం ప్రకారం బడిలో కన్నడ చదవాలి. పెద్దాడికి తెలుగు రాయడం వచ్చు కాబట్టి అక్షరాలు తొందరగానే పట్టుకుంటాడు, టెన్షన్ పడకు.

ఇప్పుడు సామాను. సగం అక్కడే అమ్మేయండి. కూలరు తేవద్దు, ఊరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, ఏసీ లేకుండానే చాలామంది కాలక్షేపం చేస్తున్నారు. ప్లైవుడ్ మంచాలు ఒకసారి విప్పితే మళ్లీ బిగవవు, అవీ వద్దు. మీ అత్తగారి ఇనప బీరువా మాత్రం ఆవిడ వదలరు, దాని గురించి పోట్లాట పెట్టుకోకు.

మే నెలలో, అందులోనూ నెలాఖరున అందరూ మారతారు, ధరలు మండిపోతాయి. నెల మధ్యలో, వారం మధ్యలో పెట్టుకోండి, ఆషాఢం రాకముందే పాలు పొంగించేయొచ్చు. ప్యాకర్సు వాళ్లని ఇంటికి పిలిచి సామాను చూపించి ధర రాయించుకోండి, ఫోన్లో చెప్పిన రేటు రేటు కాదు. మా ఎదురింటివాళ్లు అందరికంటే తక్కువ చెప్పినవాడికి ఇచ్చారు. హోసకోటె దగ్గర లారీ ఆపేసి, సామాను అనుకున్నదానికంటే ఎక్కువుంది, ఇంకో ఇరవై వేలు వేస్తేనే కదులుతాం అన్నారు. చేతిలో కాగితం ఏదీ లేదు, ఏం చేస్తారు, కట్టారు. కాబట్టి వస్తువుల జాబితా, మొత్తం ధర, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, మీ సామాను ఒక్కటే వస్తుందా వేరేవాళ్లదీ కలుపుతారా, అన్నీ కాగితం మీద ఉండాలి. కలిపితే చవకే కానీ వారం పది రోజులు పట్టినా అడగడానికి ఉండదు. రద్దీ వేళల్లో పెద్ద లారీల్ని ఊళ్లోకి రానివ్వరు, మన సందుల్లోకి అసలు పట్టవు. అందుకని చిన్న బండిలోకి మార్చే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి, సరిగ్గా అక్కడే మెలిక పెడతారు. అపార్ట్‌మెంటయితే ఏ టైములో సామాను దించనిస్తారో సెక్యూరిటీని కాదు, అసోసియేషన్ వాళ్లని అడగాలి. వాడిన ఇంటి సామానుకి జీఎస్టీ కింద సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లు అక్కర్లేదు, దాని పేరు చెప్పి డబ్బులడిగితే ఇవ్వొద్దు. మిగతా డబ్బు దించాకే. ఇన్సూరెన్సు ఉందంటే పాలసీ కాగితం నీ పేరున చూపించమను.

పెట్టెల మీద నంబర్లు వేసి, ఏ నంబర్లో ఏముందో నోటుబుక్కులో నువ్వే రాసుకో. విప్పిన మేకులూ స్క్రూలూ కవర్లో వేసి ఆ మంచానికే టేపుతో అంటించు. బంగారం, టీసీలు, మెడికల్ ఫైళ్లు, అత్తగారి మందులు నెలకి సరిపడా నీ దగ్గరే. ఆవకాయ జాడీ లారీలో వేయకు. మూతికి గుడ్డ కట్టి, దాని మీద మూత పెట్టి, పాత దుప్పటి చుట్టి కారులో నీ కాళ్ల దగ్గర పెట్టుకో.

గ్యాసు సిలిండరు లారీలో ఎక్కించకూడదు. ఏజెన్సీలో సిలిండరూ రెగ్యులేటరూ అప్పగిస్తే డిపాజిట్ వెనక్కిచ్చి టెర్మినేషన్ వోచర్ ఇస్తారు, దాంతో ఇక్కడ కొత్త కనెక్షన్ వస్తుంది. పాత కాగితాలు ఇప్పుడే వెతికి పెట్టుకో.

కారు సంగతికొస్తే, వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి తిప్పితే ఇక్కడి నంబరు వేయించాలి. అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. లోను ఉంది కాబట్టి ముందు బ్యాంకు కాగితం, దానికంటే ముందు పాత చలాన్లు కట్టేయడం. ఇక్కడ లైఫ్ టాక్సు గట్టిగానే ఉంటుంది, కట్టాక ఆంధ్రాలో కట్టినదాంట్లో మిగిలిన భాగం వెనక్కి అడగొచ్చు. పాత స్కూటీకి ఇంత తతంగం అనవసరం, అక్కడే అమ్మేసేయ్.

సోమవారం లోపు అల్లుడుగారు ఏ తేదీన చేరాలో, ఆఫీసు సరిగ్గా ఏ గేటు దగ్గరో అడిగి నాకు పంపు. మా వీధి చివర పీజీలో ఒక గది ఖాళీ అయిందన్నారు, ఆదివారం వెళ్లి నీళ్లూ భోజనం చూసొస్తాను.

పెద్దమ్మ