పాఠం చెప్పబోయే మేనకోడలికి

చిట్టితల్లీ,

వచ్చే వారం పిల్లలకు త్రిభుజ అసమానత పాఠం నువ్వే చెబుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఎంత సంతోషమో! కానీ అప్పట్నుంచి టెన్షన్‌గా కూడా ఉంది.

సూత్రం నీకు తెలిసిందే, ఏ రెండు భుజాలు కలిపినా మూడోదాని కంటే ఎక్కువ రావాలి. రెండు భుజాలు 7, 10 అయితే మూడోది వాటి తేడా 3 కంటే ఎక్కువ, మొత్తం 17 కంటే తక్కువ. పూర్ణాంకాలైతే 4 నుంచి 16 దాకా. 3ని, 17ని రానివ్వకు, అక్కడ త్రిభుజం గీతలా పడుకుండిపోతుంది.

నా భయమంతా రెండు భుజాలు సమానంగా ఉండే సమద్విబాహు త్రిభుజం దగ్గరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో బోర్డు మీద ఒక లెక్క రాశాను. సమద్విబాహు త్రిభుజంలో రెండు భుజాలు 4, 9 సెంటీమీటర్లు, చుట్టుకొలత ఎంత? మూడోది 4 కావచ్చు, 9 కావచ్చు, కాబట్టి 17, 22 రెండూ జవాబులేనని చెప్పాను. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి "22 ఒక్కటే సార్" అంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. కూర్చోమని గదమాయించాను. పరీక్షలోనూ అదే రాస్తే సగం మార్కులు కోసేశాను.

పేపర్లు ఇచ్చేసిన రాత్రి ఆ మాటే చెవుల్లో తిరిగింది. లేచి పుల్లలు తుంచాను. 9 సెంటీమీటర్ల పుల్ల నేల మీద పెట్టి, రెండు చివర్ల నుంచి 4 సెంటీమీటర్ల పుల్లలు వంచుకుంటూ పోయాను. పూర్తిగా వాల్చేసినా కొసలు కలవలేదు. మధ్యలో ఒక్క సెంటీమీటరు ఖాళీ.

మర్నాడు మార్కులు వేసి, తప్పు నాదేనని క్లాసులోనే చెప్పాను. ఆ పిల్ల మాత్రం ఆ ఏడాది మళ్ళీ లేచి జవాబు చెప్పలేదు.

అందుకే చెబుతున్నా. సమద్విబాహు అనగానే రెండు అవకాశాలూ రాయించు, చిన్నవి రెండూ కలిపితే పెద్దదాన్ని దాటుతున్నాయా అని ప్రతిసారీ చూపించు. నీకు చిన్నప్పట్నుంచీ తొందరెక్కువ, లెక్క చదవడం అయ్యేలోపే జవాబు అరిచేదానివి. అలా అరిచినప్పుడల్లా నాకెంత ముద్దొచ్చేదానివో! పిల్లల్ని మాత్రం తొందరపెట్టకు తల్లీ.

"ఇది ఈజీ" అని కూడా అనకు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో ఈ సూత్రాన్నే 20వ ప్రతిపాదనగా నిరూపిస్తే, గాడిదకైనా తెలిసిన సంగతేగా అని ఎపిక్యూరియన్లు (ఎపిక్యూరస్ అనే తత్వవేత్త అనుచరులు) వెక్కిరించారట. కళ్ళకు తెలియడం వేరు, ఎందుకో తర్కంతో తేల్చడం వేరని తర్వాతి కాలపు గ్రీకు తత్వవేత్త ప్రొక్లస్ బదులిచ్చాడు. ఆ పిల్లకు తెలిసింది. ఎందుకో చెప్పించాల్సింది నేను.

మొదటి రోజు పుల్లలు పట్టుకెళ్ళు. 9, 4, 4 తప్పకుండా ఉండాలి.

మీ మామయ్య