ముందు గంటలు లెక్కపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. స్కూలు చివరి ఏడాదికి ఆరు సబ్జెక్టులు, ఆరూ పైస్థాయివే తీసుకున్నావనీ, నెల తిరక్కుండానే పుస్తకం తెరవబుద్ధి కావడం లేదనీ, పోయిన పట్టుదల తిరిగి తెచ్చుకోవడం ఎలాగో చెప్పమనీ రాశావు. పట్టుదల సంగతి తరువాత చూద్దాం. ముందు నీ గంటలు లెక్కపెడదాం.

వారానికి 168 గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వయసువారు రోజుకు 8 నుంచి 10 గంటలు నిద్రపోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. మధ్యస్థంగా 9 వేసుకుంటే నిద్రకు 63 గంటలు పోతాయి. స్కూలుకూ రాకపోకలకూ 45, తిండికీ స్నానానికీ ఇంటి పనులకూ 21 తీసేస్తే మిగిలేవి 39. ఒక్కో సబ్జెక్టుకు ఇంటి దగ్గర 6 గంటలనుకున్నా 36 అయిపోయి, వారం మొత్తంమీద నీకంటూ మిగిలేది 3 గంటలు. జలుబు చేసినా, ఒక పాఠం కొరుకుడు పడకపోయినా ఆ మూడూ ఆవిరే. ఇంత ఇరుకులో మనసు మొరాయిస్తే దాన్ని బద్ధకమనడం నాకు న్యాయంగా తోచదు.

పైగా ఆ 6 గంటల అంచనానూ నమ్మలేం. పనికి పట్టే కాలాన్ని తక్కువగా ఊహించుకునే ఈ అలవాటును కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే వివరించారు. 1994లో వెలువడిన ఒక పరిశోధనలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామనుకున్నారు. పట్టినవి 55 రోజులకు పైనే. అందుకని రెండు వారాలపాటు ఏ సబ్జెక్టుకు నిజంగా ఎంతసేపు కూర్చున్నావో నోటుబుక్కులో రాసిపెట్టు. మధ్యలో ఫోను చూసిన నిమిషాలు అందులో కలపకు.

ఆ లెక్క చూశాక ఒకటి వదలవలసి రావచ్చు. కష్టంగా ఉన్నదాన్ని వదిలెయ్యాలని తొందరపడకు. పైచదువుకు అవసరమైనదైతే, ఎంత కష్టమైనా అది ఉండవలసిందే. స్నేహితురాళ్లు తీసుకున్నారనో, జాబితాలో ఘనంగా కనిపిస్తుందనో చేరినది ఏదో నీకే తెలుస్తుంది, అది వదులు. మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో మీ టీచరును ఈ వారమే అడుగు, ఎందుకంటే గడువు దాటాక వదిలితే అప్పటికి పెట్టిన శ్రమ కూడా వృథా అవుతుంది. ఒకప్పుడు చురుకైన విద్యార్థి ఒకడు ఇదే మాట అడిగితే, "నీకేం, మోయగలవు" అని భుజం తట్టి పంపాను. ఏడాది చివరికి అతడు తనకెంతో ఇష్టమైన లెక్కల పుస్తకాన్నే ముట్టడం మానేశాడు. ఆ మెచ్చుకోలు నేను చేసిన తప్పు.

ఇష్టం విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ 1971లో ప్రచురించిన ప్రయోగంలో, పజిళ్లు విప్పినందుకు డబ్బు పుచ్చుకున్న కాలేజీ విద్యార్థులు, ఆ డబ్బు ఆగిపోయాక తీరిక వేళల్లో వాటి జోలికి వెళ్లడం తగ్గించారు. మార్కులూ అంతేనని నా అనుమానం. నీకు నచ్చిన సబ్జెక్టులో పరీక్షకు రాని భాగాన్ని వారానికి గంటసేపైనా, ఎవరికీ చూపనక్కర లేకుండా చదువుకో.

మిగిలిన చదువులో కాలం ఆదా అయ్యే చోటు ఒకటుంది. చదివిందే మళ్లీ చదవడం మాని, పుస్తకం మూసి గుర్తున్నది కాగితం మీద రాయి. రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు 2006లో పరీక్షించి చూస్తే, 5 నిమిషాల తరువాత మళ్లీ చదివినవారిదే పైచేయి అయింది, వారం తరువాత మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవారు ముందున్నారు. రాసేటప్పుడు ఏమీ రావడం లేదనిపించి చిరాకేస్తుంది, అయినా మానకు.

తెల్లవారుజామున నాలుగింటికి లేవమని నేను చాలామందికి చెప్పాను. ఈ వయసులో ఒంటి గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుందని తెలిశాక ఆ సలహా వెనక్కి తీసుకున్నాను. ఎప్పుడు లేచినా, నిద్రకు వేసిన 63 గంటల్లో కోత పెట్టకు.

రెండు వారాల లెక్క పూర్తికాగానే, ఆఖరి తేదీకి ముందే ఆ పేజీలు నాకు పంపు. ఏది ఉంచాలో కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ పెద్దనాన్న