జెడ్ యాక్సిస్ లూజు ఎక్కడుందో ముందు పట్టుకోండి

ప్రశ్న: మడికొండలో చిన్న మిల్లింగ్ యూనిట్ నడుపుతున్నాం. సీఎన్‌సీ మెషీన్ హెడ్ కిందికి దిగి పైకి తిరిగేటప్పుడు డయల్ గేజీ మీద 0.08 మి.మీ. లూజు కనిపిస్తోంది. కంట్రోలర్‌లో అంతే కాంపెన్సేషన్ (లూజును లెక్కలో సరిచేసే సెట్టింగు) ఇస్తే పాకెట్ల (లోహంలో తొలిచే గుంతల) లోతు ఇంకా చెడింది. హెడ్ 60 కిలోలు, దాన్ని మోసేందుకు 300 న్యూటన్ల గ్యాస్ స్ప్రింగులు రెండున్నాయి.

జవాబు: ముందు ఆ కాంపెన్సేషన్ సున్నా చేయండి (ఫానుక్ అయితే 1851 పారామీటర్). అడ్డంగా కదిలే ఎక్స్, వైలలో అది పనికొస్తుంది. పైకీ కిందికీ కదిలే జెడ్‌లో హెడ్ బరువే నట్‌ను (స్క్రూ మీద నడిచి హెడ్‌ను కదిపే భాగాన్ని) ఎప్పుడూ స్క్రూ మరలకు ఒక పక్కకే ఆనించి ఉంచాలి. మీ స్ప్రింగులు రెండూ కలిసి సుమారు 61 కిలోలు మోస్తున్నాయి, అంటే బరువు ఎటూ మొగ్గడం లేదు. గిబ్ (హెడ్ జారే దారిలో వదులును సర్దే పట్టీ) రాపిడి ఎక్కడ ఆపితే హెడ్ అక్కడ ఆగి, కోత మొదలవగానే అదురుకు జారుతోంది. కుడి మెలిక ఎండ్‌మిల్ దాన్ని కిందికి లాగుతుంది కూడా. 200 న్యూటన్లవి వేస్తే 20 కిలోల దాకా కిందికే మొగ్గుతుంది. మోటారు లోడు మాత్రం చూసుకోండి.

దీంతో ఫినిషింగ్ కోతలు బాగుపడతాయి. డ్రిల్లింగ్‌కు చాలదు: డ్రిల్లు ఒత్తిడి హెడ్‌ను పైకి నెట్టి, రంధ్రం అవతలికి తెగేటప్పుడు ఒక్కసారిగా వదిలేస్తుంది. లూజును మూలంలోనే తీయాలి.

స్పిండిల్ ఆపి, సర్వో (మోటారు పట్టు) ఆన్‌లో ఉంచండి. స్క్రూ చివరి సెంటర్ గుంతలో గ్రీజుతో ఒక ఉక్కు గోళీ అతికించి, దాని మీద డయల్ మొన ఆనించండి. రెండో డయల్ స్పిండిల్ ముక్కుకు పెట్టండి. కర్రతో హెడ్‌ను కింది నుంచి పైకి ఎత్తి వదలండి. రెండు ముళ్లూ కదిలితే తప్పు స్క్రూ బేరింగుల్లో ఉంది. స్పిండిల్ ముల్లే కదిలితే నట్‌లో, లేదా నట్ బిగించిన బోల్టుల్లో. కర్రతో ఎత్తినా ఏదీ కదలక, హ్యాండ్‌వీల్ తిప్పినప్పుడే తేడా వస్తుంటే, మోటారును స్క్రూకు కలిపే కప్లింగ్ గ్రబ్ స్క్రూలు, గిబ్ బిగుతు చూడండి. గిబ్ అతిగా బిగిస్తే హెడ్ పట్టేసి, ఆనక గెంతుతుంది. డయల్ మీద అది అచ్చం బ్యాక్‌లాష్ (దిశ మారేటప్పటి లూజు) లాగే ఉంటుంది, చాలామంది ఇక్కడే మోసపోతారు.

ఏది విప్పినా ముందు హెడ్ కింద, టేబుల్ మీద చెక్క దిమ్మ పెట్టండి. మోటారు విప్పగానే బ్రేకు పోయి హెడ్ చేతుల మీద పడుతుంది.

బేరింగుల తప్పయితే లాక్‌నట్‌ను కొద్దికొద్దిగా బిగిస్తూ ప్రతిసారీ డయల్ చూడండి. స్క్రూ చేతికి బరువెక్కితే అక్కడే ఆగాలి, లేదంటే బేరింగు వేడెక్కి పోతుంది. లోపల మామూలు డీప్ గ్రూవ్ బేరింగులుంటే తీసేసి, స్క్రూ పొడవునా వచ్చే ఒత్తిడిని ఓర్చే యాంగ్యులర్ కాంటాక్ట్ జత వేయండి. నట్ తప్పయితే మా సలహా ప్రీలోడ్ ఉన్న (వదులు లేకుండా ముందే ఒత్తి ఉంచిన) డబుల్ నట్. నట్ లోపలి గోళీలు పెద్దవి వేసి సరిపెట్టవచ్చు గానీ, స్క్రూ మధ్యలోనే ఎక్కువగా అరిగి ఉంటే అక్కడ సరిపోయిన సైజు చివర్లో పట్టేస్తుంది.

ప్రశ్న: కరీంనగర్‌లో మా మెషీన్‌లో లూజు లేదు. అయినా మధ్యాహ్నానికి లోతు 0.04 మి.మీ. పెరుగుతోంది.

జవాబు: అది వేడి. 400 మి.మీ. ఉక్కు స్క్రూ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.046 మి.మీ. సాగుతుంది. పొద్దున 20 నిమిషాలు జెడ్‌ను ఖాళీగా పైకీ కిందికీ ఆడించి, ఆ తర్వాతే టూల్ ఎత్తు సెట్ చేయండి.