పుస్తకం చేతికిచ్చే ముందు మనిషిని చూడమ్మా

విజయనగరం

అమ్మడూ,

నువ్వు ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మా నేనూ చాలాసేపు నీ మాటే అనుకున్నాం. నువ్వడిగినవి ఫోన్లో తెమిలేవి కావు, అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

నువ్వడిగినవి రెండు. విశాఖలో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి సంచీ నిండా తెచ్చుకున్న పుస్తకాలు సగం సగం చదివి వదిలేశావు, రోజూ చదవడం ఎలా అలవాటవుతుంది అన్నది ఒకటి. మీ స్కూల్లో మేడమ్‌లు మంచి పుస్తకాలు చెప్పమంటే పాతిక పేర్లు రాసి వాట్సాప్‌లో పెట్టావు, ఒక్కరైనా ఒక్కటైనా తెరవలేదేం అన్నది రెండోది. నా ఉద్యోగమంతా శాఖా గ్రంథాలయాల్లో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడంలోనే గడిచింది. ఆ ధైర్యంతో చెబుతున్నాను, ఈ రెంటికీ మందు ఒక్కటే. చదివినదాన్ని ఇంకొకరికి అందించే మనిషికి చదువు ఆగదు. ఎవరితోనూ మాట్లాడకుండా చదువుకుపోయేవాళ్ళలో చాలామంది ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అయ్యేసరికి గ్రంథాలయం గడప తొక్కడం మానేశారు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు కాసేపు నిలబడి మాట్లాడి వెళ్ళేవాళ్ళు మాత్రం రిటైరయ్యాక కూడా వస్తూనే ఉన్నారు.

ముందు ఆ పాతిక పేర్ల సంగతి చూద్దాం. అన్ని పేర్లు ఒక్కసారి కనబడితే ఎవరికైనా ఎక్కడ మొదలెట్టాలో తోచదు. తర్వాత చూసుకుందాం అనుకుంటారు, ఆ తర్వాత రాదు. "ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి" అని వచ్చినవాళ్ళకి నేనెప్పుడూ బీరువా చూపించలేదు. కుర్చీ చూపించి కబుర్లాడేవాణ్ణి. ఈమధ్య మీకు బాగా నచ్చిందేమిటి, పుస్తకమే కానక్కర్లేదు, సినిమా అయినా సరే. చదవడానికి మీకు వీలు ఎప్పుడు? ఒక్క బిగిని ఎంతసేపు కూర్చోగలరు? ఈ మూడూ తెలిస్తే చాలు, ఇవ్వాల్సిన పుస్తకం సగం దొరికినట్టే. గ్రూప్ టూకి చదివి చదివి విసిగిపోయిన కుర్రాడికి ఇంకో జ్ఞానం పుస్తకం ఇస్తే పారిపోతాడు, వాడికి హాయిగా పరిగెత్తే నవల కావాలి. పలాస పాసింజరులో రోజూ వెళ్ళొచ్చే గుమాస్తాకి కథలివ్వాలి. చీపురుపల్లి దాటాక మొదలెట్టిన కథ పొందూరు వచ్చేలోగా అయిపోవాలి. అలా అయితేనే మర్నాడు మళ్ళీ పుస్తకం తీస్తాడు.

కాబట్టి పాతిక మందికి ఒక జాబితా కాదు, ఒక మనిషికి ఒక పుస్తకం. పేరు చెప్పి ఊరుకోకు, పుస్తకమే చేతిలో పెట్టు.

ఎలా పెట్టాలో కూడా చెబుతాను. బడి మానేస్తున్న పిల్లల గురించి బాధపడే మేడమ్ ఒకావిడ ఉందన్నావు కదా. ఆవిడకి మన చాసో గారి 'ఎందుకు పారేస్తాను నాన్నా' ఇయ్యి. చాగంటి సోమయాజులు గారు 1915లో మీ శ్రీకాకుళంలోనే పుట్టారు, బతుకంతా మా విజయనగరంలో గడిపారు. ఆయన కథలు చిన్నవి, ఒక్కటీ బరువనిపించదు, చదివాక మాత్రం మనసులోంచి పోదు. ఇది డబ్బులేక చదువు ఆగిపోయిన పిల్లవాడి కథ. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడిగి కూర్చున్నప్పుడు పుస్తకం తెరిచి మొదటి పేరా పైకి చదువు. బాగా చదువు, పాఠం అప్పజెప్పినట్టు చదవకు. పేరా కాగానే ఆపెయ్యి. ఆ పేజీలో నీ బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి, "మిగతాది ఇంటికి తీసికెళ్ళండి మేడమ్, సోమవారం ఇచ్చేద్దురు గాని" అను. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు. సోమవారం అన్నమాట మరిచిపోకు. పుస్తకం వెనకట్టకి అంటించిన తేదీల చీటీ మీద మేం ముద్ర వేసి ఇచ్చేది ఊరికే కాదు. గడువుంటే మనిషి ఆ పుస్తకం తెరుస్తాడు. "ఎప్పుడైనా ఇవ్వండి పరవాలేదు" అన్న పుస్తకం టీవీ పక్కనే ఉండిపోతుంది.

పుస్తకం ఇచ్చేటప్పుడు "గొప్ప పుస్తకం, తప్పకుండా చదవాలి" అనొద్దమ్మా. ఆ మాట వినగానే అది హోమ్‌వర్క్ అయిపోతుంది. నీకు అందులో ఏది పట్టుకుందో అదొక్కటే చెప్పు. మొదటి పేజీలు నెమ్మదిగా నడిస్తే ఆ సంగతీ దాచకు, ముందే చెప్పిన మనిషి మాట మీద నమ్మకం ఉంటుంది. ముగింపు మాత్రం చచ్చినా చెప్పకు. కారా మాస్టారి, అంటే కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' ఉంది. 1964లో వచ్చిన కథ, అరవయ్యేళ్ళు దాటినా దాని గురించి వాదించుకుంటూనే ఉన్నారు. ఊరి పంచాయితీలో ఒక అప్పు తగువు మీద నడుస్తుంది. మాటా మాటా పెరుగుతూ, పల్లె ఎలా మారిందో, ఎవరు బాగుపడ్డారో, ఎవరు చితికిపోయారో వరసగా మన ముందుకొస్తుంది. దాని బలమంతా ఆ నడకలోనూ చివర్లోనూ ఉంది. చివర తెలిసిపోతే ఆ దెబ్బ తగలదు. ఇంకో మాట, చదవడం కొత్తగా మొదలెట్టిన మనిషికి ముందే 'యజ్ఞం' ఇస్తే జ్వరం నుంచి లేచినవాడికి పులిహోర పెట్టినట్టే. ఓ పది కథలు చదివిన తర్వాత ఇయ్యి.

తిరిగి తెచ్చినప్పుడు పరీక్ష పెట్టకు. "అర్థమైందా, ఎలా ఉంది" అంటే చదవనివాళ్ళు సిగ్గుపడి మళ్ళీ నీ దగ్గరకు రారు. "ఎక్కడిదాకా వచ్చారు?" అని అడుగు. సగంలో ఆపితే ఎక్కడ ఆపారో తెలుస్తుంది, దాన్నిబట్టి ఈసారి ఏమివ్వాలో నీకు తెలుస్తుంది. నచ్చని పుస్తకం మూసెయ్యడం తప్పేం కాదని వాళ్ళకి నీ నోటితో చెప్పు. నీకు కూడా అదే మాట. బల్ల మీద ఉన్న ఆ సగం పుస్తకాల్లో నిజంగా చదవాలనున్న ఒక్కదాన్ని ఉంచుకుని మిగతావి బీరువాలో పెట్టెయ్. కంటికెదురుగా ఉన్నంతకాలం అవి నిన్ను దెప్పుతూనే ఉంటాయి.

ఇప్పుడు నీ అలవాటు సంగతి. రోజుకి పది పేజీలు. ఎక్కువ వద్దు. పది పేజీలంటే నెలకి మూడు వందలు, ఒక మామూలు నవల. సంవత్సరానికి పన్నెండు పుస్తకాలు చదివిన మనిషివవుతావు. వేళ ఒకటి పెట్టుకో, అది ఇప్పటికే నువ్వు రోజూ చేసే ఏదో పనికి ఆనుకుని ఉండాలి. రాత్రి వంటిల్లు సర్దుకున్న వెంటనే అనుకో. ఫోన్ ఆ గదిలోనే ఛార్జింగుకి పెట్టి రా, పుస్తకం పొద్దుటే తలగడ మీద పెట్టి ఉంచు. బస్సులో వెళ్ళే సంచీలో వేరేగా ఒక కథల పుస్తకం ఉండాలి, అది ఇంట్లో తియ్యకూడదు. ఒకరోజు తప్పితే మర్నాడు ఇరవై చదవాలని కూర్చోకు, మళ్ళీ పదే. బాకీ తీర్చుకోవాలని చూసినవాళ్ళే మధ్యలో విరమించుకుంటారు.

ఒక పొడుగు నోటుబుక్కు కొనుక్కో. పుస్తకం పేరు, ముగించిన తేదీ, నీకు గుర్తుండిపోయినదేమిటో ఒక్క వాక్యం రాసుకో. ఆ పక్కన ఇంకో గడి గీసి, "ఎవరికి?" అని పెట్టుకో. నాకు ఈ గడే ముఖ్యం. చదువుతున్నప్పుడే "ఇది మా అత్తగారికి బావుంటుంది, ఇది సైన్స్ మాస్టారికి" అని తోస్తుంది. తోచినప్పుడే ఆ పేరు రాసెయ్. అలా రాసుకోవడం మొదలెట్టాక నీ చదువు తీరే మారిపోతుంది, చూస్తావు. ఎవరికో ఇవ్వాలన్న తొందర నిన్ను చివరి పేజీదాకా లాక్కుపోతుంది. ఇచ్చిన తేదీ, వచ్చిన తేదీ కూడా ఆ వరసలోనే రాసుకో. పోతే ప్రాణం కొట్టుకునే పుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వకు, ఇంకో ప్రతి కొని అదే ఇయ్యి.

మీ ఇంట్లో ఆదివారం సాయంత్రం నలుగురు కుదిరితే 'కన్యాశుల్కం' పైకి చదవండి. గురజాడ వారు దాన్ని 1892లో ఇక్కడే మొదట ఆడించారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే బాగా పెంచి తిరగరాశారు. మీ దగ్గర ఉండేది ఆ రెండోదే. ఏడంకాలు ఉన్నాయని బెదరకండి, వారానికి ఒక్క రంగం. గిరీశం ఒకరు, మధురవాణి ఒకరు, మిగతావి పంచుకోండి. నాటకం తెర తియ్యగానే మా ఊరి బొంకులదిబ్బ దగ్గరే మొదలవుతుంది గనక నాకు అదో ఆనందం. ఆ మాటలు కళ్ళతో చదివినదానికంటే నోటితో అన్నప్పుడే పండుతాయి. మీ మామగారికి కళ్ళు మసకబారాయన్నావు, ఆయన వింటూ కూర్చుంటారు.

మీ క్లాసు గుంటలకి కూడా ఇదే దారి. ఆఖరి పీరియడులో పది నిమిషాలు కథ చదివి, ఉత్కంఠగా ఉన్నచోట ఆపి గంట కొట్టించు. సారాంశం రాసుకురమ్మని మాత్రం అనకు. పుస్తకం లైబ్రరీ పీరియడులో బల్ల మీద పెట్టి వదిలేస్తే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

పుస్తకాలు కొనడానికి డబ్బు లేదని ఎవరైనా అంటే గ్రంథాలయం చూపించు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది. ఆ బీరువాలు మన డబ్బుతో నిండినవే, సొంత ఇంటికి వెళ్ళినట్టు వెళ్ళొచ్చు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, అప్పుడు పిల్లల్ని తీసికెళ్ళి సభ్యత్వం కట్టించు.

నువ్వుండేది శ్రీకాకుళంలో, ఇంకా కథానిలయం చూడలేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదమ్మా. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖలో లెక్కలు చెప్పుకుంటూ బతికిన బడిపంతులు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలని పూనుకుని, 1997 ఫిబ్రవరి 22న ఆ ఇంటి తలుపులు తెరిచారు. పుస్తకాలనీ, పాత పత్రికలనీ ఊరూరా అడిగి తెచ్చుకున్నారు. ఆయన 2021లో వెళ్ళిపోయారు, ఇల్లు మాత్రం నడుస్తోంది. ఒక శనివారం ఆ మేడమ్‌ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళు. నువ్వు పుట్టిన ఏడాది పత్రికలు ఏవైనా ఉంటే అడిగి తీయించుకుని, అందులో ఒక కథ అక్కడే కూర్చుని చదువు.

ఒక్క విషయం తొందరపడి చెయ్యకు. ముగ్గురు నలుగురు చదవడం మొదలెట్టగానే సంఘం, పేరు, అధ్యక్షురాలు అని పెట్టుకోకండి. చదివే పుస్తకం కంటే మీటింగ్ ఏర్పాట్లు ఎక్కువైపోతాయి. ఎప్పుడు కుదిరితే అప్పుడు టీ కప్పు దగ్గరే మాట్లాడుకోండి. మళ్ళీ ఎప్పుడైనా ఎక్కువమంది అయితే అప్పుడు చూద్దాం.

చాసో కథల పుస్తకం నా దగ్గర రెండు ప్రతులున్నాయి. ఒకటి మీ తమ్ముడు గురువారం ఆమదాలవలస వస్తున్నాడు, వాడి చేత పంపిస్తున్నాను. నీ నోటుబుక్కులో మొదటి వరసలో అదే రాసుకో, "ఎవరికి?" అన్న గడిలో ఆ మేడమ్ పేరు రాయి. ఆవిడ ఎక్కడిదాకా వచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పు, తర్వాత ఏమివ్వాలో ఇద్దరం ఆలోచిద్దాం. మీ పెద్దమ్మ ఆశీస్సులు చెప్పమంది, పిల్లాడికి ముద్దులు.

మీ పెదనాన్న